నాలుగు గంటలకు కాస్త ముందు

1980 ఫిబ్రవరి 16, శనివారం. శివరాత్రి వెళ్లి రెండు రోజులైంది. ఒడిశాలోని బరంపురం పాత బస్తీలో మాది గది వెనక గదిగా పొడుగ్గా సాగిపోయే పెంకుటిల్లు. ఆ రోజు సూర్యగ్రహణమని భోజనాలు పెందలాడే అయిపోయాయి. నానమ్మ ఊరగాయ జాడీల మీద, నీళ్ల బిందెల మీద దర్భలు వేసింది. నాన్న వీధి కిటికీకి గోనెసంచులు, పెరటి కిటికీకి పాత దుప్పటి మేకులు కొట్టి వేలాడదీశారు. అమ్మకు అప్పుడు ఆరో నెల. కడుపులో మా తమ్ముడు. మధ్యగదిలో చాప మీద ఆమెను కదలకుండా పడుకోబెట్టి, గోళ్లు కూడా గీరుకోవద్దని చెప్పారు. నాకు తొమ్మిదేళ్లు. నన్ను వంటగదిలో నానమ్మ ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

ఆ వంటగది కప్పులో ఒక పెంకు కొంచెం జరిగి ఉండేది. వానాకాలంలో దాని కింద గిన్నె పెట్టేవాళ్లం. ఎండాకాలంలో, చలికాలంలో సాయంత్రం పూట ఆ సందులోంచి వెలుతురు దిగి తూర్పు గోడ మీద రూపాయి బిళ్లంత గుండ్రంగా పడేది. ఆ రోజు నేను చూస్తూ ఉండగానే ఆ బిళ్లకు ఒక పక్క కొరికినట్టు అయింది. కాసేపటికి సగమైంది. ఇంకాసేపటికి కొడవలి అయింది. "నానమ్మా, గోడ మీద చూడవే" అన్నాను. నానమ్మ చూడలేదు. తన అరచేత్తో నా కళ్లు మూసింది. ఆ చేతికి వాము వాసన. వేళ్ల సందుల్లోంచి చూస్తే గోడ మీద గోరంత వెలుగు మిగిలింది, తర్వాత అదీ లేదు. పక్కింటి ఒడియా వాళ్ల ఇంట్లో శంఖం ఊదారు. ఆడవాళ్లు హుళహుళి పెట్టారు. కాకులు గోలగా అరిచి ఒక్కసారిగా ఊరుకున్నాయి. నాకు చలి వేసింది. ఆ చీకటి సుమారు రెండు నిమిషాలు. తర్వాత గోడ మీద మళ్లీ గోరంత వెలుగు వచ్చింది, ఈసారి రెండో పక్క నుంచి.

ఆ గోడ మీద నేను చూసింది సూర్యుడి బొమ్మేనని తెలియడానికి నాకు పదేళ్లు పట్టింది. చిన్న రంధ్రంలోంచి వచ్చే వెలుగు అవతలి గోడ మీద ఆ వెలుగిచ్చే వస్తువు బొమ్మనే వేస్తుందని బీఎస్సీలో చదివినప్పుడు, పుస్తకం మూసి చాలాసేపు కూర్చుండిపోయాను. మా ఇంటి కప్పు ఆ మధ్యాహ్నమంతా నాకు గ్రహణాన్ని చూపిస్తూనే ఉంది. అసలు చూడాల్సిన ఆ రెండు నిమిషాలు మాత్రం గోడ మీద పడేవి కావు. వాటికి బయటికి వెళ్లి తల పైకెత్తాలి. వీధి తలుపు నాకు పదడుగుల దూరంలో ఉంది.

ఇప్పుడు ఒక కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నాను. వచ్చే ఏడాది, 2027 ఆగస్టు 2న, ఒక సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి దేశం దాటి వెళ్లబోతున్నాను. ఇంట్లో, కాలేజీలో, బంధువుల్లో ఈ సంగతి చెప్పిన ప్రతిచోటా అడిగిన ప్రశ్నలే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. టీవీలో చూడొచ్చు కదా? మన ఊళ్లో కనిపించేది చాలదా? 2034లో మన దేశంలోనే ఉందట, అందాకా ఆగొచ్చు కదా? వీటికి నోటితో జవాబు చెప్పి చెప్పి అలసిపోయాను. అందుకే రాస్తున్నాను. మన గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగువాళ్లు నాతో పాటు కొందరైనా బయల్దేరాలని నిజంగా నా కోరిక.

ముందు 1980 సంగతి పూర్తి చేస్తాను. ఆ రోజు చంద్రుడి నీడ కార్వార్ దగ్గర మన దేశం మీదికి వచ్చింది. రాయచూరు, నల్గొండ, ఖమ్మం వైపు నుంచి సాగి, ఈ కొండలు దాటి, మా బరంపురం మీదుగా పూరీ, కోణార్క్ వైపు వెళ్లి సముద్రం మీదికి దిగింది. హైదరాబాద్ దగ్గర జపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ల అబ్జర్వేటరీ ఉంది. అది కూడా సరిగ్గా ఆ నీడ దారిలోనే పడింది. శాస్త్రవేత్తలు ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఆ దారి పొడవునా పరికరాలు పెట్టుకున్నారు. ఫిబ్రవరి నెల, మబ్బుల బెడద లేని కాలం, సూర్యుడు పడమట ఇంకా బాగా ఎత్తులో ఉన్న వేళ. ఏ ఊరికైనా సంపూర్ణ గ్రహణం సగటున 375 ఏళ్లకు ఒకసారి వస్తుందని లెక్క. అలాంటిది మా ఇంటి పెంకుల మీదికే వచ్చింది. మా వీధి వీధంతా తలుపులు వేసుకుంది.

దీనికి మా అమ్మానాన్నల మీద నాకు కోపం లేదు. కడుపులో బిడ్డ ఉంది. అంతకు ముందు ఒక బిడ్డ దక్కలేదు. ఎవరో ఏదో అవుతుందన్నారు, వాళ్లు తలుపు వేశారు. ఆ స్థితిలో నేనైనా అదే చేసేదాన్నేమో. గ్రహణం వల్ల గర్భిణికి గానీ, బిడ్డకు గానీ ఏ హానీ లేదని ఈ రోజు మనకు తెలుసు. నిజమైన ప్రమాదం కళ్లకు. రెటీనాకు నొప్పి తెలియదు కాబట్టి, సూర్యుణ్ణి సూటిగా చూస్తే కాలిన సంగతి ఆ క్షణంలో మనకు తెలియదు. ఇది గర్భిణికీ అంతే, గంధర్వుడికీ అంతే. దీన్ని ఎవరూ వివరంగా చెప్పకపోవడం వల్ల, ఒక్క కళ్లద్దాల జాగ్రత్తతో పోయేదానికి ఊరంతా చీకటి గదుల్లో కూర్చుంది. ఇప్పటికీ పెద్ద మార్పేమీ రాలేదు. 2022 అక్టోబరు 25న పాక్షిక గ్రహణం వచ్చినప్పుడు ఒడిశా ప్రభుత్వం సెలవు ఇచ్చింది. బళ్లు తెరిచి, పిల్లల్ని మైదానంలో నిలబెట్టి, అద్దాలిచ్చి చూపించాల్సిన రోజు అది.

ఇక 'మన ఊళ్లో కనిపించేది చాలదా' అన్న ప్రశ్న. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడే పొరబడుతున్నారు. తొంభైతొమ్మిది శాతం మూసుకున్న సూర్యుడికీ నూరు శాతం మూసుకున్న సూర్యుడికీ తేడా ఒక్క శాతమే అనుకుంటారు. సూర్యుడి వెలుగు పున్నమి చంద్రుడి వెలుగుకు దాదాపు నాలుగు లక్షల రెట్లు. అందులో ఒక్క శాతం మిగిలినా నాలుగు వేల పున్నములంత వెలుగు. ఎండ పలచబడినట్టు, మబ్బు కమ్మినట్టు ఉంటుంది, అంతే. సూర్యుడి చుట్టూ ఉండే పలచటి వెలుగు పొర, కరోనా, మాత్రం సుమారుగా ఒక పున్నమి చంద్రుడంత వెలుగే ఇస్తుంది. నాలుగు వేల దీపాల మధ్య ఒక దీపాన్ని ఎలా చూస్తాం? ఆ చివరి ఒక్క శాతం కూడా ఆరిపోవాలి. ఆరిన క్షణంలో చంద్రుడి కొండల సందుల్లోంచి పూసల్లా వెలుగులు మెరిసి, ఆఖరి పూస ఉంగరం మీద రాయిలా ఒక్కసారి వెలిగి, ఆగిపోతుంది. తర్వాత నల్లటి బిళ్ల చుట్టూ తెల్లటి కిరీటం. పట్టపగలు గ్రహాలు. చుట్టూ నాలుగు దిక్కులా అంచున సంజ రంగు. నేను ఇంకా చూడలేదు కాబట్టి చూసినవాళ్లు రాసినవాటిని బట్టే చెబుతున్నాను. అలా రాసినవాళ్లలో ఒక్కరు కూడా 'పాక్షికమూ ఇంచుమించు ఇలాగే ఉంటుంది' అనలేదు.

ఇది ఎంత అరుదైన అమరికో చూడండి. సూర్యుడి వ్యాసం చంద్రుడి వ్యాసానికి సుమారు 400 రెట్లు. దూరమూ సుమారు 400 రెట్లే. అందుకే ఇద్దరూ మనకు ఒకే సైజులో కనిపిస్తారు. చంద్రుడు ఏటా 3.8 సెంటీమీటర్ల చొప్పున మన నుంచి దూరం జరుగుతున్నాడు. సుమారు 60 కోట్ల ఏళ్ల తర్వాత భూమి మీద సంపూర్ణ గ్రహణమే ఉండదు. ఈ సంగతి క్లాసులో చెప్పినప్పుడల్లా వెనక బెంచీ పిల్లలు కూడా రాసుకోవడం ఆపి తలెత్తుతారు. నాకు ఆ నిమిషం చాలా ఇష్టం.

ఒకప్పుడు ఈ నీడ కోసం లోకమంతా మన దగ్గరికి వచ్చింది. 1868 ఆగస్టు 18న గ్రహణం గుంటూరు మీదుగా, మచిలీపట్నం మీదుగా వెళ్లింది. ఫ్రాన్సు నుంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు వచ్చి సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వర్ణపటాన్ని పరిశీలించాడు. హీలియం అనే మూలకం బయటపడటానికి దారి తీసిన పరిశీలనల్లో అది ఒకటి. మద్రాసు అబ్జర్వేటరీలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి అదే గ్రహణాన్ని వనపర్తి నుంచి చూశారు. 1898 జనవరి 22న మరో గ్రహణం మహారాష్ట్ర మీదుగా వెళ్లినప్పుడు, షోలాపూర్ జిల్లా జేవూర్‌లో అమెరికా లిక్ అబ్జర్వేటరీ నుంచి క్యాంప్‌బెల్, పుణే నుంచి నేగమ్‌వాలా మకాం వేశారు. రైళ్లూ ఓడలూ పట్టుకుని, పెట్టెల నిండా గాజుపలకలు మోసుకుని, మన ఎండలో గుడారాలేసుకుని వాళ్లు చూసింది కొన్ని నిమిషాలే. 'ఆరు నిమిషాల కోసం అంత దూరమా' అని నన్ను అడిగేవాళ్లకు ఈ గుడారాలు గుర్తు చేస్తుంటాను.

నేను ఇంతకు ముందు ఒకసారి బయల్దేరాను. 2009 జులై 22. సూరత్ దగ్గర మొదలై ఇండోర్, భోపాల్, వారణాసి, పట్నా మీదుగా వెళ్లిన గ్రహణం. మా కాలేజీ నుంచి నలుగురం హౌరా వెళ్లి, అక్కడి నుంచి పట్నా రైలెక్కాం. పట్నా పక్కన తరేగ్నా అనే ఊళ్లో అన్నిటికన్నా బాగా కనిపిస్తుందని ఆ రోజుల్లో ఎక్కడ చూసినా అదే మాట. ఆర్యభటుడి పేరుతో ముడిపడిన ఊరు కూడా. వేలమంది జనం. రాత్రంతా పొలం గట్టు మీద కూర్చున్నాం. తెల్లవారుజామున ఆకాశం చూస్తే బూడిద రంగు దుప్పటి కప్పినట్టుంది. ఆరున్నరకు కాస్త ముందు ఆ దుప్పటి నల్లబడింది. ఎవరో దీపం ఒత్తి తగ్గించినట్టు చుట్టూ చీకటి. మూడున్నర నిమిషాల తర్వాత మళ్లీ వెలుతురు. పైన ఏం జరిగిందో ఒక్కరికీ కనిపించలేదు. రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న వారణాసిలో మబ్బు విడిపోయి, గంగ ఒడ్డున ఉన్న జనం కరోనాను చూశారు.

తిరుగు రైల్లో నా పక్కన కూర్చున్న మా లెక్కల మాస్టారు ఒక మాటన్నారు. "మేడమ్, మనం ఊరు చూసుకుని వచ్చాం. మబ్బు చూసుకుని రావలసింది." ఆ మాట అప్పుడు నన్ను కాస్త నొప్పించింది. జులై నెల, నడి వానాకాలం, బిహార్. ఫిజిక్స్ చెప్పే మనిషిని, ఆ నెల ఆ జిల్లాలో ఎన్ని రోజులు ఆకాశం తెరిపిగా ఉంటుందని ఒక్కసారి కూడా వెతకలేదు. మ్యాపులో నీడ ఎక్కడ పడుతుందో చూశాను, టికెట్లు కొన్నాను. గ్రహణ ప్రయాణంలో మొదట చేయాల్సిన పని నేను చేయనేలేదు.

ఈసారి అక్కడి నుంచే మొదలుపెట్టాను. కెనడా వాతావరణ శాస్త్రవేత్త జే ఆండర్సన్ దశాబ్దాలుగా గ్రహణాల దారుల వెంబడి మబ్బుల లెక్కలు కట్టి అందరికీ అందుబాటులో పెడుతున్నారు. నీడ దారి మ్యాపు ఒక పక్క, మబ్బుల మ్యాపు ఒక పక్క పెట్టుకుని చూస్తే 2027 గ్రహణం విషయంలో పెద్దగా ఆలోచించాల్సిన పని లేదు. ఆ నీడ స్పెయిన్ దక్షిణపు కొసను తాకి, మొరాకో, అల్జీరియా, ట్యునీషియా, లిబియా, ఈజిప్టు మీదుగా ఎర్ర సముద్రం దాటి, సౌదీ, యెమెన్, సోమాలియా మీదుగా హిందూ మహాసముద్రంలోకి వెళ్తుంది. అందులో ఎక్కువ భాగం ఎడారి. ఆగస్టులో ఈజిప్టులోని లక్సర్ దగ్గర మబ్బు కనిపించడమే అపురూపం. అక్కడ గ్రహణం 6 నిమిషాల 20 సెకన్ల దాకా ఉంటుంది, సూర్యుడు దాదాపు నడినెత్తిన. 1980లో మా ఊరికి దక్కింది సుమారు రెండు నిమిషాలని గుర్తు చేసుకోండి. ఈ శతాబ్దంలో ఇంతకన్నా పొడవైనది 2009లో వచ్చిన ఆ గ్రహణం ఒక్కటే, అదీ బిహార్‌లో కాదు, దాని దారిలో మరోచోట.

ఇక్కడ నాకు ఒళ్లు జలదరించిన సంగతి ఒకటుంది. గ్రహణాలు కుటుంబాలుగా వస్తాయి. ఒక గ్రహణం జరిగిన 18 ఏళ్ల 11 రోజుల 8 గంటలకు సూర్యుడు, చంద్రుడు, భూమి మళ్లీ ఇంచుమించు అదే అమరికలోకి వస్తాయి. దీన్ని సారోస్ చక్రం అంటారు. 2009 జులై 22కి 18 ఏళ్ల 11 రోజులు కలపండి. 2027 ఆగస్టు 2 వస్తుంది. తరేగ్నాలో మబ్బు వెనక పోయిన ఆ గ్రహణమే మళ్లీ వస్తోంది. మిగిలిన ఆ 8 గంటల్లో భూమి మూడో వంతు తిరుగుతుంది కాబట్టి నీడ పడమటికి జరిగి, బిహార్‌కు బదులు ఎడారి మీద పడుతోంది.

అదే చక్రం మూడుసార్లు తిరిగితే ఆ 8 గంటలు 24 అవుతాయి. అంటే 54 ఏళ్ల ఒక నెల తర్వాత నీడ భూమి మీద మళ్లీ ఇంచుమించు అదే వైపుకు వస్తుంది. 1980 ఫిబ్రవరి 16 గ్రహణం 1998లో కరీబియన్ దీవుల మీద, 2016లో ఇండోనేషియా మీద పడింది. నాలుగోసారి 2034 మార్చి 20. ఆ రోజు నీడ మన దేశంలో కాశ్మీర్, లడాఖ్ మీదుగా వెళ్తుంది. మా వీధి తలుపులు వేసుకుని వదిలేసిన గ్రహణం, అదే కుటుంబంలోది, 54 ఏళ్లు తిరిగి మన దేశానికి వస్తోంది. ఈ లెక్క నేను ఒక రాత్రి కాగితం మీద వేసి, మళ్లీ వేసి, నిద్రపోతున్న మావారిని లేపి చూపించాను.

మరి 2034 కోసమే ఆగొచ్చు కదా అంటే, మనసు అటే లాగుతోంది. పాస్‌పోర్టు అక్కర్లేదు, వీసా అక్కర్లేదు, మన గ్రహణం. కానీ మార్చి నెలలో ఆ కొండల మీద మంచు, మబ్బు. జోజిలా కనుమ మంచుతో మూసుకుపోయే కాలం. పైగా అక్కడ గ్రహణం సాయంత్రం, సూర్యుడు పడమటికి వాలిన వేళ. చుట్టూ కొండలున్న లోయలో నిలబడితే మబ్బు లేకపోయినా కొండే అడ్డు రావచ్చు. అప్పటికి నాకు 63 ఏళ్లు, మోకాళ్లు ఇప్పటికే మాట వినడం లేదు. 2034కి తప్పకుండా వెళ్తాను. నా విద్యార్థుల్లో కొందరిని ఇప్పటి నుంచే దానికి సిద్ధం చేస్తున్నాను. అయితే జీవితంలో మొదటి సంపూర్ణ గ్రహణాన్ని మంచు కొండల దయకు వదిలేయమని ఎవరికీ సలహా ఇవ్వను. దగ్గర అనే ఒక్క కారణంతో చోటు ఎంచుకుని నేను ఒకసారి మోసపోయాను.

ఇప్పుడు వెళ్లాలనుకునేవాళ్లకు కొన్ని పనికొచ్చే మాటలు. నీడ దారిలో ఉన్నామా లేదా అన్నది ఊరి పేరు చూసి, దేశం పేరు చూసి అనుకోవద్దు. ఈజిప్టు అనగానే కైరో టికెట్ కొనేవాళ్లుంటారు. కైరోలో అది పాక్షికమే. అక్కడి నుంచి లక్సర్ రోడ్డు మీద దాదాపు 650 కిలోమీటర్లు. అలాగే ఇచ్ఛాపురం, సోంపేట, బరంపురం వైపు నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లు మనలో ఇంటికొకరున్నారు. రియాద్‌లో, దమ్మాంలో, దుబాయ్‌లో ఉన్నవాళ్లకు ఆ రోజు కనిపించేది పాక్షికమే. జెడ్డాలో ఉన్నవాళ్లకు మాత్రం సంపూర్ణం, దాదాపు ఆరు నిమిషాలు. మీ ఇంటి మనిషి సౌదీలో ఉంటే ఈ ఒక్క ముక్క ఫోన్‌లో చెప్పండి. సెలవు దొరికితే ఆ రోజుకు జెడ్డా చేరుకోమనండి. చాలామందికి తాము నీడకు ఒక బస్సు ప్రయాణం దూరంలో ఉన్నామని కూడా తెలియదు.

కళ్లద్దాల దగ్గర రాజీ పడొద్దు. ఐఎస్ఓ 12312-2 అని రాసి ఉన్నవి, నమ్మకమైన చోట కొన్నవి వాడాలి. ఎక్స్‌రే ఫిల్ములు, మసి పట్టిన గాజు, రెండు మూడు కూలింగ్ గ్లాసులు ఒకదాని మీద ఒకటి, ఇవేవీ పనికిరావు. సూర్యుడు పూర్తిగా మూసుకున్న ఆ ఆరు నిమిషాలు మాత్రం అద్దాలు తీసేసి కళ్లతో చూడాలి. అద్దాలు పెట్టుకునే ఉంటే కరోనా అసలు కనిపించదు. అంచున మొదటి చుక్క వెలుగు రాగానే మళ్లీ పెట్టుకోవాలి. ఈ తియ్యడం, పెట్టుకోవడం ముందే ఇంట్లో నాలుగుసార్లు అలవాటు చేసుకోండి. ఇంకో మాట, మొదటిసారి చూసేవాళ్లు ఫోటోల జోలికి పోవద్దు. 2009లో నేను అరువు కెమెరా ఒకటి మెడలో వేసుకుని, మబ్బు లేకపోయినా దాని మీటలు చూసుకుంటూనే సగం సమయం పోగొట్టుకునేదాన్ని.

డబ్బు గురించి కూడా దాచకుండా చెబుతాను. నెలకు 5,000 చొప్పున 24 నెలల చీటీ వేశాను. లక్షా ఇరవై వేలు. మన ఇళ్లలో కాశీకి, షిర్డీకి, పిల్లల పెళ్లిళ్లలో ఒక పూట భోజనాలకు ఇంతకన్నా ఎక్కువే పెడతాం, సంతోషంగా పెడతాం. ఆకాశం చూడటానికి పెడతానంటే మాత్రం ఎందుకో దుబారా అంటారు. సూర్యుడికి గుడి కట్టి, దాన్ని రథంలా చెక్కిన కోణార్క్ మాకు ఒక పూట ప్రయాణం. ఖండపడలో పఠానీ సామంత వెదురు పుల్లలతో పరికరాలు చేసుకుని కంటితో ఆకాశాన్ని కొలిచిన రాష్ట్రం ఇది. ఇక్కడ ఆకాశం కోసం డబ్బు దాచుకోవడం వింతగా కనిపించకూడదు.

లక్సర్‌కు వెళ్లాలనే అన్నీ సిద్ధం చేసుకున్నాను. ఆకాశం వరకే చూస్తే అదే సరైన జవాబు, మీరు నన్ను అడిగినా అదే చెబుతాను. కానీ మూడు నెలల కిందట మా తమ్ముడు ఫోన్ చేశాడు. ఆ రోజు అమ్మ కడుపులో ఉన్న మా తమ్ముడే. పద్నాలుగేళ్లుగా జెడ్డాలో ఒక ఫ్యాబ్రికేషన్ యార్డులో సూపర్‌వైజరు.

"అక్కా, నువ్వు ఎక్కడెక్కడికో ఎందుకు? నా రూము మీదుగానే పోతోందట కదా" అన్నాడు.

ఆ రాత్రి జెడ్డా మబ్బుల లెక్క తీసి చూశాను. ఆగస్టులో మబ్బు తక్కువే. తేమ, దుమ్ము వల్ల ఆకాశం లక్సర్ అంత శుభ్రంగా ఉండకపోవచ్చు. తాయిఫ్ కొండల వైపు మధ్యాహ్నం మబ్బులు పట్టే అలవాటుంది కాబట్టి అటు పోకుండా సముద్రం పక్కనే ఉండాలి. తూచి చూస్తే కొంచెం తక్కువ ఆకాశం, లక్సర్ కన్నా కొన్ని సెకన్లు తక్కువ. పక్కన మా తమ్ముడు. ఒప్పుకున్నాను. వీసా సంగతి వాడే కనుక్కుంటున్నాడు. సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదన్న నియమం ఉంది. గ్రహణం సరిగ్గా ఆ గంటల్లోనే. యార్డులో వాడి కింద పనిచేసే పాతికమందికీ ఆ రోజు చూపిస్తానంటున్నాడు. వెల్డింగ్ అద్దాలు బోలెడున్నాయన్నాడు. 14వ నంబరు అద్దమైతేనే పనికొస్తుందని, మామూలుగా వాడే 10, 11 నంబర్లతో సూర్యుణ్ణి చూడనివ్వొద్దని రెండుసార్లు చెప్పి, తర్వాత వాట్సాప్‌లో రాసి కూడా పంపాను. పాతిక జతల గ్రహణ కళ్లద్దాలు నా పెట్టెలోనే తీసుకెళ్తున్నాను.

అమ్మకు చెప్పడానికే ఎక్కువ టెన్షన్ పడ్డాను. ఆమెకు ఇప్పుడు డెబ్బై నాలుగు. మా ఇంట్లో తెలుగు పంచాంగం, ఒడియా కేలండరు రెండూ పక్కపక్కన వేలాడుతుంటాయి. పక్కింటివాళ్లు సూర్య పరాగ అంటారు, ఈమె గ్రహణం అంటుంది, ఇద్దరూ ఒకే వేళకు స్నానం చేస్తారు. మొన్న ఆదివారం అప్పడాల పిండి కలుపుతుండగా చెప్పాను. ఇద్దరం, తమ్ముడూ నేనూ, బయట నిలబడి చూస్తామని. కళ్లకు ఏం పెట్టుకుంటామో, ఎప్పుడు తీస్తామో అన్నీ చెప్పాను. ఆమె పిండి కలపడం ఆపలేదు.

"అక్కడ ఎన్నింటికే?" అంది.

"మధ్యాహ్నం ఒంటిగంట దాటాక అమ్మా."

"అక్కడి గంట నాకెందుకు. మన గంటల్లో చెప్పు."

లెక్కేసి చెప్పాను. నాలుగు గంటలకు కాస్త ముందు.

ఆమె చేతులు పిండిలో ఆగిపోయాయి. తలెత్తి వంటగది తూర్పు గోడ వైపు చూసింది. ఇప్పుడు అక్కడ ఫ్రిజ్ ఉంది, పైన శ్లాబు. "అప్పుడూ ఆ వేళకే" అంది. చేతులు కడుక్కుని వెళ్లి, నా పెన్సిలు అడిగి తీసుకుని, వచ్చే ఏడాది కేలండరు ఇంకా రాలేదు కాబట్టి పాత పంచాంగం అట్ట లోపల రాసుకుంది. తేదీ, వేళ, పక్కన మా ఇద్దరి పేర్లు.